బాపుకు కొన్న టచ్ ఫోన్: ఎనిమిది నెలలు వాడినంక రాస్తున్న రివ్యూ

ఫోన్ రివ్యూలు ఏవి చూసినా కెమెరా ఎట్లుంది, గేమ్ ఆడితే వేడెక్కుతదా, ప్రాసెసర్ ఏంది, ఇవే ఉంటయి. డెబ్బై నాలుగేండ్ల మనిషికి ఫోన్ కొనేటోళ్లకు అవి ఒక్కటి కూడా అక్కరకు రావు. కొనేముందు వారం రోజులు వెతికిన, ఫోన్ మోగితే పెద్దాయన ఎత్తగలుగుతడా లేదా అని ఒక్కరు కూడా రాయలేదు. బాపుకు ఫోన్ కొని ఇప్పటికి ఎనిమిది నెలలు, ఇన్ని రోజుల్లో నాకు తెలిసింది మొత్తం రాస్తున్న, ఇంట్లో పెద్దోళ్లకు ఫోన్ కొందామనుకునేటోళ్లకు పనికొస్తదని.

కంపెనీ పేరు రాస్తలేను. ఆ ధరలో వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఇట్లనే ఉన్నయి, మా చిన్నమ్మ వాళ్లింట్లో వేరే కంపెనీది ఉంది, దాంట్లో కూడా ఇవే తిప్పలు. పోయిన మార్చ్‌లో హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక షాపులో కొన్నం, 12,499 రూపాయలు, 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, పెద్ద స్క్రీన్. షాపులో పిల్లగాడు మస్తు మంచోడు, టెంపర్ గ్లాస్ వేసి నాకు ఇయ్యకుండ బాపు చేతిలోనే పెట్టి "సార్, ఒకసారి మీరే పట్టుకొని చూడుండ్రి, బరువైతే చెప్పుండ్రి" అన్నడు. అంతకుముందు పోయిన రెండు పెద్ద షోరూములలో అందరు నాతోటే మాట్లాడిండ్రు, వాడేటాయన పక్కనే నిలబడ్డా ఆయన దిక్కు చూడలేదు.

బాపు రైల్వేలో స్టేషన్ మాస్టర్. 1975లో చేరి 2011లో రిటైర్ అయిండు, కాజీపేట నుంచి బల్లార్షా దాకా ఉన్న లైన్‌లో చిన్న చిన్న స్టేషన్లలోనే సగం సర్వీసు గడిచింది. ఇప్పుడు కాజీపేటలోనే సొంతిల్లు, ఇంట్లో ఆయన, అమ్మ. తొమ్మిదేండ్లు ఒకటే బటన్ల ఫోన్ వాడిండు, దాని మీద 5 అంకె పూర్తిగ అరిగిపోయింది, అయినా అంకె చూడకుండనే నొక్కేటోడు. టచ్ ఫోన్ కొంటం అని మేం మూడేండ్ల సంది మొత్తుకుంటే "నాకెందుకు బిడ్డా, ఇది మోగుతది, నేను ఎత్తుత, ఇంకేం గావాలె" అనేటోడు. మా తమ్ముడు అమెరికాలో ఫ్రిస్కోలో ఉంటడు, వాడి బిడ్డకు ఐదేండ్లు, అది ఒకరోజు "అమ్మమ్మ వాళ్లు కనపడతరు కద, తాత ఎందుకు కనపడడు" అని అడిగిందట. ఆ ముచ్చట తమ్ముడు చెప్పిన తెల్లారే బాపు నాకు ఫోన్ చేసి "ఎంతైతది ఆ ఫోన్" అన్నడు.

ఇగ అసలు విషయం, ఫోన్ ఎత్తుడు. మనకు ఇదొక విషయమే కాదు కాని బాపుకు పదిహేను రోజులు పట్టింది, తప్పు ఆయనది కానే కాదు. పాత ఫోన్‌లో పచ్చ బటన్ ఉంది, నొక్కితే మాట వస్తది. ఇందులో కూడా పచ్చ బొమ్మ కనపడుతది, కాని నొక్కితే ఏం కాదు, దాన్ని పైకి జరపాలె. స్క్రీన్ వెలుగుతున్నప్పుడు కాల్ వస్తే అదే ఫోన్‌లో పైన ఒక చిన్న పట్టీ వస్తది, అక్కడ జరపొద్దు, నొక్కాలె. ఒకటే పనికి ఒక్కోసారి ఒక్కో తీరు పెట్టి, ఏది ఎప్పుడో చెప్పకుండ మనిషిని ఆగం చేసుడు ఇది. బాపు ఏమో గోరుతోటి గట్టిగ నొక్కుతడు, పాత ఫోన్ అట్ల నొక్కితేనే పలికేది. ఈ స్క్రీన్‌కు బలంతోటి పని లేదు, చర్మం ఆనితేనే తెలుస్తది, గోరు ఆనితే తెల్వదు. ఎంత గట్టిగ నొక్కితే అంత గోరే ఆనుతది కాబట్టి ఆయన ఎంత కష్టపడితే అది అంత పలకకపోయేది.

ఇంకోటి నేను కండ్లార చూసిన. బాపుకు రిజిస్టర్ పేజీలు తిప్పేటప్పుడు వేలు నాలుకకు అద్దుకునే అలవాటు, ముప్పై ఆరేండ్ల సర్వీసు అలవాటు. ఫోన్ పలకకపోతే అదే చేసిండు, వేలు తడి చేసుకొని స్క్రీన్ మీద పెట్టిండు. స్క్రీన్ మీద తడి అంటుకున్నంక అది ఏడ పడితే ఆడ ముట్టినట్టు అనుకొని ఒకదాని మీద ఒకటి తెరుచుకుంట పోయింది, కాలిక్యులేటర్, కెమెరా, మళ్ల ఏదో సెట్టింగ్, ఆఖరికి టార్చ్ లైట్ వెలిగింది. బాపు ఫోన్‌ను బల్ల మీద పెట్టి రెండడుగులు వెనకకు జరిగి "ఇది కంట్రోల్ తప్పింది బిడ్డా, దగ్గరకు పోకు" అన్నడు. అమ్మ వంటింట్లో నుంచి వచ్చి కొంగుతోటి స్క్రీన్ తుడిచేసరికి అంతా సల్లబడ్డది.

ఆ పదిహేను రోజులు నేను అక్కడే ఉండి రోజుకు పదిసార్లు పక్క గదిలో కూసొని ఫోన్ చేసేదాన్ని, ఆయన వేలు మెత్తగ ఆనించి పైకి జరిపి ఎత్తేటోడు, "ఎత్తిన" అని అరిచేటోడు, మళ్ల పెట్టేసి మళ్ల చేసేదాన్ని. పదిహేనో రోజుకు ఒక్కటి కూడా తప్పకుండ ఎత్తుడు వచ్చింది. మంచిగ సాగుతుంది అనుకునే టైమ్‌కు ఆగస్టు ఆఖరులో ఫోన్ యాప్ దానంతట అదే అప్‌డేట్ అయింది, రాత్రికి రాత్రి పైకి జరిపేది కాస్త పక్కకు జరిపేది అయింది! చాలామంది ఫోన్లలో ఆ వారమే మారింది, మీకు కూడా యాదికి ఉంటది. మనకైతే ఒక్క నిమిషం చిరాకు, అంతే. ఈయన పదిహేను రోజులు కష్టపడి నేర్చుకున్న పని ఒక్క రాత్రిలో పనికిరాకుండ పోయింది. రెండు రోజులు నేను చేస్తే ఎత్తలేదు, అమ్మ ఫోన్‌లో బ్యాలెన్స్ అయిపోయింది, నేను హైదరాబాద్ నుంచి పరేషాన్ అయి పక్కింటోళ్లకు చేస్తే వాళ్లు పోయి చూసిండ్రు. బాపు వాకిట్లో కూసొని ఫోన్‌ను పైకి జరుపుతనే ఉన్నడు.

కాని ఆ అప్‌డేట్‌లోనే మంచి కూడా ఉంది, అది ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్న. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో ఇన్‌కమింగ్ కాల్ జెస్చర్ అని కొత్తగ వచ్చింది, అందులో సింగిల్ ట్యాప్ పెట్టుకుంటే ఏం జరపక్కర లేదు, పచ్చ బటన్ ముడితే చాలు. బాపు మొదటి రోజు అడిగింది అదే కద. ఇంకోటి, యాక్సెసిబిలిటీలో పవర్ బటన్‌తోటి కాల్ కట్ అయ్యే సెట్టింగ్ ఉంటది, అది తప్పకుండ ఆన్ చేయుండ్రి. మాట్లాడుతుంటే చెంప తగిలి మ్యూట్ అయితది ఈ ఫోన్‌లో, చెవి దగ్గర పెట్టుకుంటే స్క్రీన్ ఆరిపోవాలె కాని ఒక్కోసారి ఆరదు, ఇది నిజంగ లోపమే, దీనికి మాత్రం నేను మార్కులు తీసేస్తున్న. అమ్మతోటి మాట్లాడుతూ మాట్లాడుతూ మా పెద్దమ్మ "మీ ఆయన నా మీద అలిగిండా ఏంది, మాట్లాడుతలేడు" అన్నది, ఆయన ఏమో మ్యూట్‌లో అరగంట మాట్లాడిండు పాపం, ఊర్లో పంచాయితీ అంతా చెప్పిండు.

రాత్రి పదింటికి ఫోన్ బంద్ చేసి పడుకునుడు ఆయన పద్ధతి. పక్క బటన్ నొక్కి పట్టుకుంటే ఫోన్ బంద్ కావాలె కద, ఇప్పుడొచ్చే ఫోన్లలో అట్ల పట్టుకుంటే అసిస్టెంట్ లేస్తది. నేను హైదరాబాద్‌కు వచ్చినంక ఒక రాత్రి కింద రంగురంగుల లైట్ వచ్చి వింటున్నట్టు ఆగింది. బాపు మర్యాదగ "బంద్ కావాలె" అన్నడు. అది ఎక్కడెక్కడి బంద్‌ల వార్తలో తీసి చూపించింది. బాపు అద్దాలు పెట్టుకొని కూసొని అవన్నీ చదివి, పదకొండింటికి నాకు ఫోన్ చేసి "రేపు బంద్ ఉందట, ఆఫీస్‌కు పోకు" అని చెప్పిండు. మళ్ల ఇంటికి పోయినప్పుడు సెట్టింగ్స్‌లో పవర్ బటన్‌ను పాత పద్ధతికి మార్చిన, అర నిమిషం పని. ఆ అర నిమిషం పని కంపెనీ చేసి ఇస్తే ఏం పోతది అని మాత్రం ఇప్పటికీ కోపం వస్తది.

కోపం వచ్చేది ఇంకోటుంది, లాక్ స్క్రీన్ మీద యాడ్స్. ఫోన్ తీస్తే రోజుకొక బొమ్మ, బొమ్మ కింద వార్త, వార్త నొక్కితే లోన్ ఇస్తం అనే పేజీ. బాపుకు అది ఫోన్ చెప్తున్న మాట లెక్క కనపడుతది, యాడ్ అని తెల్వదు. పైసలు పెట్టి కొన్న వస్తువు మీద వాళ్ల దుకాణం పెట్టుకునుడు నాకైతే అస్సలు నచ్చలేదు. అది తీసేయనీకి సెట్టింగ్ ఉంది కాని నాలుగు పేజీల లోపల దాచి పెట్టిండ్రు, దాంతోపాటు ముందే వేసి పంపిన పదకొండు గేమ్‌లు, షాపింగ్ యాప్‌లు అన్నీ తీసేసిన. ఇది కొన్న రోజే చేయుండ్రి, పెద్దోళ్ల చేతికి ఇచ్చినంక కాదు, ముందే.

భాష గురించి ఒక మాట. నేను ఉత్సాహంగ మొత్తం ఫోన్‌ను తెలుగులోకి మార్చిన, బాపు తెలుగు పేపర్ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివే మనిషి కద అని. రెండో రోజు ఫోన్ చేసి "బిడ్డా, ఇది విస్మరించు అంటుంది, నేనెవర్ని విస్మరించాలె" అని అడిగిండు. ఏం చెప్పాలె నేను! ఆ తెలుగు ఎవరూ మాట్లాడరు. రైల్వేలో ఆయన జీవితమంతా క్యాన్సిల్ అంటే క్యాన్సిల్, లేట్ అంటే లేట్, సిగ్నల్ అంటే సిగ్నల్. మళ్ల ఇంగ్లీష్‌కు మారిస్తే ఆయనకే సులువైంది. ఫోన్ ఇంగ్లీష్‌లో, కీబోర్డ్ తెలుగులో, వాయిస్ టైపింగ్ తెలుగులో, మాకు ఇట్ల కుదిరింది. అమ్మలాంటోళ్లకు వేరే ఉంటది, అడిగి పెట్టుండ్రి.

వాయిస్ టైపింగ్ మాత్రం బంగారం. మైక్ నొక్కి మాట్లాడితే తెలుగు అక్షరాలు పడుతయి, ఈ ఒక్కదాని కోసం టచ్ ఫోన్ కొనొచ్చు. మన వరంగల్ యాస దానికి పూర్తిగ అందదు, "పోయినంక" అంటే ఒక్కోసారి "పోయి నక్క" అని రాస్తది, మేమందరం అర్థం చేసుకుంటం. ముద్దొచ్చే విషయం ఏందంటే బాపు ప్రతి మెసేజ్ కంట్రోల్ ఫోన్‌లో, అంటే స్టేషన్ నుంచి కంట్రోల్ ఆఫీస్‌కు ఉండే రైల్వే ఫోన్‌లో, మాట్లాడినట్టే మొదలు పెడతడు. మా ఫ్యామిలీ గ్రూప్‌లో పొద్దున పొద్దున వచ్చే మెసేజ్ ఇట్లుంటది, "హలో కాజీపేట మాట్లాడుతున్న అందరు మంచిగున్నరా ఇక్కడ వాన పడుతుంది అమ్మ మందు వేసుకుంది కాజీపేట నుంచి అంతే". ఫుల్‌స్టాప్ లేదు కామా లేదు. మా తమ్ముడు అక్కడ పడుకునేముందు అది చదివి "ఫ్రిస్కో విన్నది, లైన్ క్లియర్" అని రిప్లై పెడతడు.

వీడియో కాల్ సంగతి చెప్పాలె, ఫోన్ కొన్నదే దానికోసం కద. మొదటి నెల మా మేనకోడలుకు తాత నుదురు, సీలింగ్ ఫ్యాన్, ఇవే కనపడినయి. అది నయం, ఎక్కువసార్లు కనపడింది చెవి. బాపుకు ఫోన్ అంటే చెవి దగ్గర పెట్టుకునేదే, వీడియో కాల్ ఎత్తి కూడా చెవికి పెట్టుకుంటడు. అది అటు నుంచి "తాతా, నీ చెవిలో ఎంట్రుకలున్నయి" అంటది, ఈయన "ఏం ఎండ బిడ్డా, ఇక్కడ కూడా మస్తు ఎండ" అంటడు. 150 రూపాయల స్టాండ్ కొని టీవీ బల్ల మీద పెట్టి దాని ముందు కుర్చీ వేసి, కుర్చీ కాళ్ల దగ్గర చాక్‌పీస్‌తోటి గీత గీసినంక మొఖం పూర్తిగ కనపడుడు మొదలైంది. ఆదివారం పొద్దున ఏడున్నరకు బాపు ఉతికిన చొక్కా వేసుకొని తల దువ్వుకొని ఆ గీత మీద కుర్చీ సరిగుందా అని చూసుకొని కూసుంటడు. కెమెరా ఎట్లుంది అని అడిగితే నా జవాబు అదే, ఆ పిల్ల తాతను గుర్తుపడుతుంది, అంత బాగుంది.

ట్రైన్‌ల యాప్ పెట్టి ఇచ్చినంక ఆయనకు ఫోన్ మీద అసలు ప్రేమ పుట్టింది. వేర్ ఈజ్ మై ట్రైన్ అని ఉంటది కద, అది. మనం బండిలో ఉన్నప్పుడు ఇంటర్నెట్, జీపీఎస్ లేకున్నా సెల్ టవర్లను పట్టుకొని బండి ఎక్కడుందో చెప్తది, అది ఎట్ల పని చేస్తదో చెప్తే బాపు చిన్న పిల్లగాని లెక్క సంబురపడ్డడు. ఇగ రోజూ పొద్దున వాకిట్లో కూసొని ఫోన్ చూస్తడు, చెవులు లైన్ దిక్కు పెట్టి వింటడు. భాగ్యనగర్ ఎక్కడిదాకా వచ్చింది, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎంత లేట్, అన్నీ చూసుకుంటడు, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ను ఇప్పటికీ ఏపీ ఎక్స్‌ప్రెస్ అనే అంటడు, నేను సరిచేయను. హారన్ వినపడితే "ఇగో, వచ్చింది, ఫోన్ ఇంకా వెనకనే చూపిస్తుంది" అని ఫోన్‌ను చూసి నవ్వుతడు. మేం హైదరాబాద్ నుంచి రైలెక్కితే ఇగ ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిండ్రు అని అడగడు, ఆయనే చెప్తడు, "జనగాం దాటిండ్రు, సామాన్లు సర్దుకోండ్రి".

ఓటీపీ గురించి రాస్తే ఈ రివ్యూలో నేను నిజంగ చెప్పదల్చుకున్నది వస్తది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు అని నేను ఇరవైసార్లు చెప్పిన. ఆయన తల ఊపేటోడు కాని "మరి నంబర్ పంపేది చెప్పనీకె కద, చెప్పొద్దంటే ఎందుకు పంపుతరు" అని అడిగేటోడు, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఒకరోజు ఆయన పాత సర్వీసు ముచ్చట్లు చెప్తుంటే ప్రైవేట్ నంబర్ అనే మాట వచ్చింది. రైల్వేలో లెవెల్ క్రాసింగ్ గేట్ వేసినంక గేట్‌మ్యాన్ స్టేషన్ మాస్టర్‌కు ఫోన్ చేసి ఒక నంబర్ చెప్తడట, రెండంకెల నంబర్, షీట్ మీద ముందే అచ్చయి ఉంటది. ఆ నంబర్ వచ్చినంకనే గేట్ నిజంగ పడ్డట్టు లెక్క, అప్పుడే సిగ్నల్ ఇయ్యాలె. ఒక్కసారి వాడిన నంబర్ కొట్టేయాలె, మళ్ల పనికిరాదు. ఆ షీట్ తాళం వేసి పెట్టుకోవాలె, ఇంకో మనిషికి చూపెట్టొద్దు. నేను అంత విని "బాపూ, ఓటీపీ అంటే నీ ప్రైవేట్ నంబరే" అన్న. ఆయన ఒక్క నిమిషం సప్పుడు చేయలేదు. తర్వాత "గట్ల చెప్తే అయిపోవు కద బిడ్డా, నంబర్ గేట్‌కే, పక్కోనికి కాదు" అన్నడు. ఆ రోజు నుంచి ఓటీపీ వస్తే బ్యాంక్ పేజీలో కొట్టి వెంటనే మెసేజ్ తీసేస్తడు, కొట్టేసిన అంటడు.

సెప్టెంబర్‌లో దానికి పరీక్ష వచ్చింది. వాట్సాప్‌లో వీడియో కాల్, నీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికినయి, మేం పోలీసులం, కాల్ కట్ చేస్తే అరెస్ట్, ఇప్పుడు వస్తున్నయి కద డిజిటల్ అరెస్ట్ అని, అదే. అమ్మ పక్కనే ఉంది, అంతా చూసింది. అవతలోడు ఖాకీ బట్టలు వేసుకొని వెనక జెండా పెట్టుకొని కూసున్నడట, కాని బాపు అలవాటు కొద్ది ఫోన్ చెవికి పెట్టుకున్నడు! వాడు అంత వేషం వేసి కూసుంటే వానికి కనపడింది మా బాపు చెవి, బాపుకు వాడు కనపడనే లేదు. "కెమెరా ముందుకు రా" అని వాడు అరుస్తుంటే "వినపడుతుంది చెప్పు" అంటున్నడట. ఆఖరికి ఆధార్ వెరిఫై చేయాలె, ఒక నంబర్ వస్తది చెప్పు అన్నడు. బాపు "అది ప్రైవేట్ నంబర్, నీది ఏ గేట్" అని అడిగిండు. వాడు ఏదో అనబోతే "గేట్ పేరు చెప్పనోనికి నంబర్ ఇయ్య" అని కాల్ కట్ చేసిండు. అమ్మ నాకు ఈ ముచ్చట చెప్తుంటే భయం, నవ్వు రెండూ వచ్చినయి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎంతమంది చదువుకున్నోళ్లే దీంట్లో లక్షలు పోగొట్టుకున్నరు.

మీ ఇంట్లో పెద్దోళ్లకు కూడా చెప్పుండ్రి, డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో లేనే లేదు, వీడియో కాల్‌లో ఏ పోలీస్ అరెస్ట్ చెయ్యడు. పైసలు పోయినయి అంటే ఆలస్యం చేయకుండ 1930కి ఫోన్ చేయాలె, పైసలు పోలేదు కాని ఇట్లాంటి కాల్ వచ్చింది అంటే సంచార్ సాథీ అనే కేంద్ర ప్రభుత్వం వెబ్‌సైట్‌లో చక్షు అని ఉంటది, అందులో రిపోర్ట్ చేయొచ్చు, మేం చేసినం. యూపీఐ గురించి బాపుకు ఒకటే సూత్రం రాసి ఇచ్చిన, పైసలు పోయేటప్పుడు పిన్, వచ్చేటప్పుడు పిన్ అక్కర లేదు. అది ఆయన తన నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతోటి రాసుకున్నడు. పెన్షన్ అకౌంట్‌కు యూపీఐ పెట్టలేదు, వేరే చిన్న అకౌంట్‌లో నెలకు మూడువేలు వేసి దానికే పెట్టిన, కూరగాయలకు, మందులకు అదే.

ఇగ నవంబర్. పెన్షనర్లకు నవంబర్ అంటే లైఫ్ సర్టిఫికెట్, బతికే ఉన్న అని చూపించుకునే నెల. ఇంతకుముందు బ్యాంకుకు పోయి వేలిముద్ర పెట్టాలె, బాపు బొటన వేలు గీతలు అరిగిపోయినయి, మెషిన్ తీసుకునేది కాదు, ఒకసారి రెండు గంటలు లైన్‌లో నిలబడి నాలుగుసార్లు పెట్టినా తీసుకోలేదు, కౌంటర్‌లో మనిషి ఆయన మొఖం చూస్తనే "ముద్ర పడ్తలేదు, రేపు రా" అన్నడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు బాపు. జీవన్ ప్రమాణ్ అని లైఫ్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇచ్చే సర్కారు పద్ధతి 2014 నుంచే ఉంది కాని మొఖం చూపెట్టి చేసే పద్ధతి 2021లో వచ్చింది, దానికి ఇట్లాంటి ఫోన్ ఉంటే చాలు, ఆధార్ ఫేస్ యాప్ ఒకటి, జీవన్ ప్రమాణ్ యాప్ ఒకటి వేసుకోవాలె. నేను నవంబర్ మొదటి ఆదివారం పోయి కూసున్న. కెమెరా ముందు మొఖం పెట్టి రెప్ప వెయ్యాలె. బాపు ఫొటో స్టూడియోలో నిలబడ్డట్టు బిగుసుకొని కండ్లు ఇంత పెద్దగ చేసి చూసిండు, రెప్ప వెయ్యి అంటే కండ్లు గట్టిగ మూసుకొని తెరవలేదు, నేను చెప్పేదాక తెరవొద్దేమో అనుకున్నడట. రెండోసారి వెనక కిటికీ వెలుతురుకు మొఖం నల్లగ పడ్డది. మూడోసారి వాకిట్లో, వెలుతురు మొఖం మీద పడేటట్టు కూసోబెట్టి, నేను పక్కకు నిలబడి చేయి కిందికి అంటే రెప్ప కింద, చేయి పైకి అంటే రెప్ప పైకి. అయింది. ప్రమాణ్ ఐడీ మెసేజ్ వచ్చింది. బాపు అది రెండుసార్లు చదివి నోట్‌బుక్‌లో టైమ్‌తోటి సహా రాసుకున్నడు, 9 గంటల 42 నిమిషాలు.

ఆ యాప్‌లో ఒక మంచి ఉంది, ఫోన్ ఉన్న మనిషి ముందు తన మొఖం చూపెట్టి తయారైతే తర్వాత వేరే పెన్షనర్లకు కూడా అదే ఫోన్‌లో చేయొచ్చు. ఇది తెలిసినంక బాపు ఊకోలేదు. తర్వాత వారం నేను మళ్ల పోయేసరికి మా వాకిట్లో నలుగురు కూసున్నరు, ఒక గార్డ్ అంకుల్, ఇద్దరు డ్రైవర్ అంకుల్స్, ఒక పాయింట్స్‌మ్యాన్ కాక, అందరు బాపుతోటి పనిచేసినోళ్లే. అందరి చేతిలో ఆధార్, పీపీఓ (పెన్షన్ ఆర్డర్) కాగితాలు, బ్యాంక్ పాస్ బుక్. బాపు ఫోన్ స్టాండ్‌లో పెట్టి, చాక్‌పీస్ గీత మీద కుర్చీ వేసి, ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి కూసోబెడుతుండు. నేను చేతితోటి చూపెట్టిందాన్ని ఆయన ఇంకా మంచిగ చేసిండు, ఆయన చేతిలో నిజంగనే పచ్చ జెండా ఉంది! ఇంట్లో అల్మారాలో ఉన్న పాతది తీసిండు. జెండా కిందికి ఊపితే రెప్ప వెయ్యాలె, పైకి అంటే తెరవాలె. గార్డ్ అంకుల్ "జీవితమంతా నేను నీకు జెండా ఊపిన, ఇప్పుడు నువ్వు నాకు ఊపుతున్నవా మాస్టారూ" అంటే అందరు నవ్విండ్రు, నవ్వుతుంటే మొఖం కదిలి ఫెయిల్ అయింది, మళ్ల చేసిండ్రు. నలుగురిది అయింది. అమ్మ చాయ్ పోసింది.

మిగిలిన లెక్కలు తొందరగ చెప్తా. బ్యాటరీ రెండు రోజులు వస్తుంది, ఆయన వాడకానికి. స్టోరేజ్ 128 ఉన్నా శుభోదయం ఫొటోలతోటి నెలకు మూడు జీబీ నిండుతుంది, వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ బంద్ చేస్తే తగ్గింది. సౌండ్ పెద్దగ ఉంది, వంటింట్లో కుక్కర్ మోగుతున్నా రింగ్ వినపడుతది, దీనికి పూర్తి మార్కులు. కింద స్వైప్ చేసే పద్ధతి తీసేసి మూడు బటన్ల పద్ధతి పెట్టుండ్రి, వెనకకు పోయే బటన్ కండ్లకు కనపడాలె పెద్దోళ్లకు. స్క్రీన్ ఆరిపోయే టైమ్ 30 సెకండ్ల నుంచి రెండు నిమిషాలకు పెంచుండ్రి, వాళ్లు చదువుతుండంగనే చీకటి అయితది లేకపోతే. వేలిముద్ర లాక్ నమ్ముకోవద్దు, నాలుగంకెల పిన్ మేలు. అక్షరాలు పెద్దగ చేస్తే కొన్ని యాప్‌లలో కింద బటన్ స్క్రీన్ బయటికి పోతది, ఒక్క మెట్టు తగ్గించి చూడుండ్రి.

5కు 3.5 ఇస్తున్న. లాక్ స్క్రీన్ యాడ్స్‌కు ఒకటి తీసిన, చెంప తగిలి మ్యూట్ అయ్యేదానికి సగం తీసిన. బాపును అడిగితే "నాలుగున్నర ఇయ్యి, బండి మంచిగనే ఉంది, నడిపేటోనికి రోడ్ లెర్నింగ్ గావాలె అంతే" అన్నడు. రోడ్ లెర్నింగ్ అంటే రైలు డ్రైవర్ కొత్త లైన్‌ను ముందు నేర్చుకునుడు.

అమ్మ ఇన్ని రోజులు నాకొద్దు అన్నది, నలుగురికి సర్టిఫికెట్ అయిన రోజు రాత్రి బాపు పడుకున్నంక మెల్లగ నా దగ్గరకు వచ్చి "ఇదే ఫోన్ ఇంకో రంగులో ఉంటదా" అని అడిగింది. ఉంది, ఆకుపచ్చది, సంక్రాంతికి ఆర్డర్ పెడుతున్న. నేర్పేది నేనే అనుకున్న కాని బాపు ఇప్పటికే కొత్త నోట్‌బుక్ తెచ్చి మొదటి పేజీలో అమ్మ పేరు రాసి పెట్టిండు.